కోవిడ్ తగ్గి నెలలైనా భయం, అనుమానం పోకపోతే అది పిరికితనమేనా?

"ఊపిరితిత్తులు బాగయ్యాయి, ఇంకా ఈ భయాలేంటి?" అని మీ మావయ్యగారి గురించి అడిగారు. మా నాన్నని నేనూ అదే మాట అన్నాను. అనకుండా ఉండాల్సింది.

2021 మేలో నాన్న పదకొండు రోజులు ఐసీయూలో ఉన్నారు. ఇంటికొచ్చాక ఆక్సిజన్ 97 చూపిస్తుంటే గండం గడిచిందనుకున్నాం. నెలన్నరకి ఒక తెల్లవారుజామున మా సందులో ఎవరో వ్యాన్ వెనక్కి తీస్తున్నారు, బీప్ బీప్‌మని మోగుతోంది. నాన్న దిగ్గున లేచి, తడుముకుని ఆక్సీమీటరు వేలికి పెట్టుకుని, "పక్క బెడ్డాయన పోయాడే, ఇక నన్నే తీసుకెళ్తారు, తలుపెయ్యి" అని అమ్మ చెయ్యి పట్టుకుని వణికిపోయారు. ముప్ఫై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి! అమ్మ మజ్జిగిస్తే అందులో ఏదో కలిపిందని తాగలేదు. ఆ గ్లాసు పట్టుకుని అమ్మ గుమ్మంలోనే కూలబడిపోయింది.

మేనత్త దిష్టి తీయించమంది. బాబాయి రోజూ ఫోన్ చేసి "ధైర్యంగా ఉండు అన్నయ్యా" అనేవాడు. విరిగిన కాలికి ధైర్యం చెప్తామా? ఇంకా ఒళ్లు మండేది ఆ డిశ్చార్జి కాగితం చూస్తే. ఆవిరి పట్టమని కూడా రాశారు గానీ నిద్ర గురించి, మనసు గురించి ఒక్క ముక్క లేదు. కట్టింది లక్షల్లో.

చివరికి సైకియాట్రిస్టు దగ్గరికెళ్లాం. ఆక్సిజన్ పడిపోవడం, వైరస్ రేపిన వాపు, స్టెరాయిడ్లు, పగలూ రాత్రీ తెలియని ఐసీయూ, ఇవన్నీ మెదడు మీద పడతాయని, అక్కడ మగతలో కనిపించినవి తర్వాత నిజంగా జరిగినట్టే గుర్తొస్తాయని చెప్పారు. ఇదేం కొత్త జబ్బు కాదు. 1918 ఇన్‌ఫ్లుయెంజా తర్వాత మతి చెదిరినవాళ్ల గురించి బోస్టన్‌లో కార్ల్ మెన్నింజర్ అనే డాక్టరు 1919లోనే రాశాడు. వందేళ్లు గడిచినా మనం ఇంకా దిష్టి దగ్గరే ఉన్నాం.

నన్నడిగితే ఐసీయూ నుంచి వచ్చిన ప్రతి మనిషినీ నెలలోపు మానసిక వైద్యుడికి చూపించాల్సిందే. ఎవరైనా కాదంటే నేను ఒప్పుకోను.

నాన్న ఆర్నెల్లు మందులు వాడారు. మొదట నిద్ర పట్టింది, అనుమానం మెల్లగా పోయింది. వ్యాన్ చప్పుడికి మాత్రం ఇప్పటికీ ఒక్క క్షణం ఆగిపోతారు. మాకప్పుడు లేదు గానీ, 2022 అక్టోబరులో ప్రభుత్వం టెలీ మానస్ అని, మానసిక ఇబ్బందులకి ఫోన్‌లోనే సాయం చేసే సేవ పెట్టింది. 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. ఇవాళే చెయ్యండి. మావయ్యగారు అన్నం మీద కూడా అనుమానపడుతున్నారని రాశారు కదా, ఆ సంగతే ముందు చెప్పండి.