డాక్టర్ సలహా: వారం రోజులు డైవింగ్ పడవలోనే.. నాకు సముద్రం పడదు, మావారికి బీపీ

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 47, మావారికి 53. అండమాన్‌లోని హావ్‌లాక్‌లో ఇద్దరం స్కూబా డైవింగ్ నేర్చుకున్నాం. వచ్చే ఫిబ్రవరిలో మాల్దీవుల్లో లివ్‌అబోర్డ్ ట్రిప్‌కి, అంటే పడవలోనే ఉంటూ, తింటూ రోజుకు మూడు డైవ్‌లు చేసే ట్రిప్‌కి వెళ్లాలనుకుంటున్నాం. రెండు పడవలు చూశాం. ఒకటి మాలే చుట్టుపక్కల మధ్య అటాల్స్‌లో, అంటే వలయంలా ఉండే పగడపు దీవుల గుంపుల్లో, 7 రాత్రులు తిరుగుతుంది. రెండోది దక్షిణం చివరిదాకా 10 రాత్రులు వెళ్తుంది, పై డెక్‌లో పెద్ద సూట్ ఇస్తామంటున్నారు. పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్ వెళ్లే ఫెర్రీలోనే నాకు వాంతులయ్యాయి. మావారు బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడతారు. మాకు ఏ పడవ సౌకర్యంగా ఉంటుంది?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మధ్య అటాల్స్ ట్రిప్ తీసుకోండమ్మా. మొదటి లివ్‌అబోర్డ్‌కి మీ ఇద్దరికీ అదే సరైనది. సూట్ ఎంత బాగున్నా, పడవ కంటే ముందు అది వెళ్లే దారి చూడాలి.

మాలే, వావు, అరి అటాల్స్ మధ్య తిరిగే పడవలు రాత్రిపూట సాధారణంగా పగడపు దిబ్బల చాటున, లోపలి నీళ్లలో లంగరు వేస్తాయి. అలలు తక్కువ, నిద్ర పడుతుంది. దక్షిణం వెళ్లాలంటే లాము, హువధూ అటాల్స్ మధ్య ఉన్న ఒకటిన్నర డిగ్రీ కాలువ దాటాలి. పేరుకు కాలువే గానీ అది 95 కిలోమీటర్ల వెడల్పున్న బహిరంగ సముద్రం. హావ్‌లాక్ ఫెర్రీలోనే వాంతులైన మనిషికి రాత్రంతా ఆ ఊపు వద్దు. ఫిబ్రవరి మాత్రం మంచి ఎంపిక. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో అక్కడ సముద్రం మామూలుగా ప్రశాంతంగా ఉంటుంది.

ఇక గది విషయం. పై డెక్‌లోని సూట్ చూడ్డానికి బాగుంటుంది, కానీ ఎత్తుకు వెళ్లేకొద్దీ పడవ ఊపు ఎక్కువ తెలుస్తుంది. ముందు భాగమైతే ఎగిరెగిరి పడుతుంది, వెనక భాగంలో ఇంజిన్ శబ్దం, డీజిల్ వాసన. ఘాట్ రోడ్డులో బస్సు వెనక సీటుకీ మధ్య సీటుకీ ఉన్నంత తేడా పడవలోనూ ఉంటుంది. అందుకే మెయిన్ డెక్‌లో, పడవ పొడవుకు మధ్యలో ఉన్న గది అడగండి. కిటికీ తెరుచుకుంటే ఇంకా మంచిది. అడుగు డెక్‌లో మధ్య గదుల్లో ఊపు ఇంకా తక్కువే, కానీ అక్కడ తీసుకునే ముందు ఒక ప్రశ్న అడగాలి: మంటలొస్తే బయటికి రావడానికి రెండో దారి ఎక్కడికి తెరుచుకుంటుంది?

ఈ ప్రశ్న ఊరికే అడగమనడం లేదు. 2019 సెప్టెంబర్ 2న కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే డైవింగ్ పడవ తెల్లవారుజామున కాలిపోయి, అడుగు డెక్‌లో నిద్రపోతున్న 34 మంది చనిపోయారు. ఆ గదికి రెండు దారులున్నాయి, కానీ రెండూ మంటలు అంటుకున్న పై హాల్లోకే తెరుచుకున్నాయి. రాత్రి మెలకువగా తిరిగే కాపలా మనిషి కూడా లేడు. కాబట్టి మీ పడవలో రాత్రి కాపలా ఉంటుందా, కెమెరాల, టార్చిల లిథియం బ్యాటరీలు ఎక్కడ చార్జ్ చేస్తారు అని మెయిల్‌లో రాసి అడగండి. మంచి పడవ వాళ్లు ఈ ప్రశ్నకు విసుక్కోరు. విసుక్కుంటే ఆ పడవ వద్దు.

మీ వాంతుల గురించి. సిన్నరిజైన్, మెక్లిజైన్ లాంటి మాత్రలు పనిచేస్తాయి, కానీ కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే ఉపయోగం తక్కువ. పడవ కదలడానికి ఒకటి రెండు గంటల ముందే వేసుకోవాలి. ఏ మాత్ర, ఎంత మోతాదు అన్నది మీ డాక్టర్‌ని అడిగి, ఇక్కడే ఇంట్లో ఒక సెలవు రోజున వేసుకుని చూడండి. మత్తుగా ఉంటే ఆ మాత్ర వేసుకుని డైవ్ చేయకూడదు. లోతులో నైట్రోజన్ వల్ల వచ్చే మత్తుకు ఇది తోడైతే ప్రమాదం. ప్రొమెథజైన్‌తో నిద్ర ఎక్కువ వస్తుంది, డైవింగ్ రోజుల్లో దాని జోలికి వెళ్లొద్దు. చాలామందికి రెండు మూడు రోజుల్లో శరీరం పడవకు అలవాటు పడుతుంది. మొదటి రోజు ఒక డైవ్ మానేసి డెక్ మీద గాలికి కూర్చుని దూరాన క్షితిజాన్ని చూస్తూ ఉండండి. డబ్బు కట్టాం కదా అని నీళ్లలోకి దిగకండి. వాంతులతో శరీరంలో నీరు తగ్గితే, పైకి వచ్చేటప్పుడు ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టే డీకంప్రెషన్ జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. డైవ్ నుంచి పైకి వచ్చేటప్పుడు, రక్తంలో కరిగిన నైట్రోజన్ బుడగలుగా మారి లోపలి చెవిని దెబ్బతీస్తే కళ్లు తిరుగుతాయి, వాంతులవుతాయి. సముద్రం పడనివాళ్లకు అలా జరిగితే అందరూ ‘మామూలే, కాసేపు పడుకో’ అంటారు, మీరూ అలాగే అనుకుంటారు. అలా గంటలు పోతాయి. డైవ్‌కి ముందు బాగానే ఉండి, తర్వాత కొత్తగా కళ్లు తిరగడం, చెవిలో హోరు, కీళ్ల నొప్పి, తిమ్మిర్లు, చర్మం మీద మచ్చలు, ఎప్పుడూ లేనంత నీరసం, వీటిలో ఏది కనిపించినా సిగ్గుపడకుండా డైవ్ గైడ్‌కి చెప్పి ఆక్సిజన్ పెట్టించుకోండి. తగ్గిపోయినా డైవింగ్ వైద్యుడితో మాట్లాడే దాకా మళ్లీ నీళ్లలోకి దిగకూడదు.

ఆ ఆక్సిజన్ ఎంత ఉందో కూడా బుక్ చేసే ముందే తెలుసుకోవాలి. ‘మా దగ్గర ఆక్సిజన్ ఉంది’ అన్న జవాబు సరిపోదు. మాస్క్‌తో నిమిషానికి 15 లీటర్లు పెడితే గంటకు 900 లీటర్లు అయిపోతుంది. కోవిడ్ రోజుల్లో మనందరికీ తెలిసొచ్చిన బీ టైప్ సిలిండర్‌లో సుమారు 1,500 లీటర్లే ఉంటాయి, అంటే గంటా నలభై నిమిషాలు. పీల్చినప్పుడే ఆక్సిజన్ వదిలే డిమాండ్ వాల్వ్ ఉంటే ఇంకొంచెం ఎక్కువ సేపు వస్తుంది. మాలే దగ్గర బండోస్ ద్వీపంలో, అరి వైపు కురమతిలో రీకంప్రెషన్ చాంబర్లు, అంటే గాలి పీడనం పెంచి ఈ బుడగల జబ్బుకు చికిత్స చేసే గదులు ఉన్నాయి. మధ్య అటాల్స్‌లో ఉంటే స్పీడ్‌బోట్‌లో వాటిని చేరుకోవచ్చు. హువధూ నుంచి మాలే దాదాపు 400 కిలోమీటర్లు. మాల్దీవుల్లో సీప్లేన్లు పగటిపూటే ఎగురుతాయి, సాయంత్రం డైవ్ తర్వాత ఇబ్బంది వస్తే తెల్లారేదాకా ఆగాల్సి రావచ్చు. మీరెంచుకున్న దారిలో అన్నిటికంటే దూరంగా ఉన్న చోటు నుంచి పనిచేస్తున్న చాంబర్‌కి ఎన్ని గంటలు, అన్ని గంటలకూ ఆక్సిజన్ ఉందా అని అడగండి.

మీవారి సంగతి. బీపీ ఉన్నంత మాత్రాన డైవింగ్ మానాల్సిన పని లేదు. కానీ ఇంట్లో కొలిచిన బీపీ వరసగా కొన్ని వారాలు 140/90 లోపు ఉండాలి. 53 ఏళ్లు, బీపీ అంటే కార్డియాలజిస్ట్‌ని కలిసి ఈసీజీ, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష), అవసరమైతే ఎకో చేయించుకోవాలి. మాల్దీవుల కాలువల్లో ప్రవాహం బలంగా ఉంటుంది, ఎదురీదాల్సి వస్తే గుండె మీద భారం ఎక్కువే. నీళ్లలో మునిగినప్పుడు కాళ్లలోని రక్తం ఛాతీలోకి చేరుతుంది. బీపీ ఉన్న కొందరికి దీనివల్ల నీళ్లలో ఉండగానే ఊపిరితిత్తుల్లో నీరు పడుతుంది. పెద్దగా కష్టపడకపోయినా ఆయాసం, దగ్గు, నురగతో కళ్లె రావడం దీని గుర్తులు. చాలామంది దీన్ని టెన్షన్ అనుకుంటారు. ఆ క్షణమే డైవ్ ఆపి, గైడ్‌కి సైగ చేసి, పైకి వచ్చి ఆక్సిజన్ తీసుకోవాలి. ఆ ట్రిప్‌లో ఇక డైవింగ్ లేదు.

ఆయన మాత్రలో ఉన్న హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రం ఎక్కువ పోయేలా చేస్తుంది. ఎండ, చెమట, వాంతులు తోడైతే నీరు, పొటాషియం తగ్గుతాయి. సొంతంగా ఆపేయకండి. మాత్ర మార్చాలా అని రాసిచ్చిన డాక్టర్‌ని ఇప్పుడే అడిగితే, కొత్త మందు కుదురుకోవడానికి నెల రెండు నెలల సమయం దొరుకుతుంది. నీళ్లు రోజంతా కొంచెం కొంచెం తాగాలి, డైవ్‌కి ముందు ఒక్కసారిగా లీటర్లకు లీటర్లు పట్టించొద్దు. ఊరగాయ సీసాలు వెంట తీసుకెళ్తారేమో, ఆయన పళ్లెంలో మాత్రం వద్దమ్మా. ఆ ఉప్పు ట్రిప్ వారంలో అసలు మంచిది కాదు.

పడవలో నైట్రాక్స్ దొరికితే, కోర్సు చేసి వాడుకోండి. ఇది ట్యాంకులో మామూలు గాలికి బదులు నింపే మిశ్రమం, ఇందులో ఆక్సిజన్ ఎక్కువ, నైట్రోజన్ తక్కువ. మాల్దీవుల్లో వినోద డైవింగ్‌కి చట్టం పెట్టిన 30 మీటర్ల హద్దుకి 32 శాతం ఆక్సిజన్ ఉన్న మిశ్రమం సరిగ్గా సరిపోతుంది. చివరి డైవ్ తర్వాత విమానం ఎక్కడానికి 24 గంటలు ఆగాలి, సీప్లేన్‌కీ ఇదే లెక్క. ప్రతి డైవ్ తర్వాత చెవులు మంచినీళ్లతో కడిగి మెల్లగా ఆరబెట్టండి, పుల్లలు పెట్టొద్దు. జలుబు చేస్తే ఆ రోజు డైవ్ లేదు.

మామూలు ట్రావెల్ పాలసీలు చాలావరకు స్కూబాని మినహాయిస్తాయి. చాంబర్ చికిత్స, అత్యవసర తరలింపు రెండూ కవర్ చేసే డైవింగ్ పాలసీ ఇద్దరికీ తీసుకోండి. పడవ వాళ్లు పంపే మెడికల్ ఫారంలో బీపీ దగ్గర ‘లేదు’ అని టిక్ పెట్టొద్దు. నిజం రాసి డాక్టర్ సంతకం చేయించండి. టీఎంటీ రిపోర్ట్ వచ్చాకే అడ్వాన్స్ కట్టండి. అందులో ఏదైనా తేడా ఉంటే, మందుల చీటీతో కలిపి మళ్లీ రాయండి, చూసి చెప్తాను.