ఇంటర్‌ఫేస్ డిజైన్‌లో ముందుగా ఏం నేర్చుకోవాలి?

కోడింగ్ వచ్చు, డిజైన్ గురించి ఏమీ తెలియదు, ఏ కాన్సెప్టులతో మొదలుపెట్టాలి అని అడిగారు. చాలామంది రంగులు, ఫాంట్లు, ఫిగ్మా (స్క్రీన్లు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్) అంటారు. నేనైతే వాటిని కొన్నాళ్లు పక్కన పెట్టమంటాను.

ముందు డిజైన్ నిపుణుడు డాన్ నార్మన్ చెప్పిన రెండు అంతరాల గురించి, అంటే మనిషికీ యంత్రానికీ మధ్య ఉండే దూరాల గురించి చదవండి. యంత్రం ముందు కూర్చున్న మనిషికి ఎప్పుడూ రెండు సందేహాలు ఉంటాయి. నాకు కావాల్సిన పని ఇక్కడ ఎలా చేయాలి? చేశాను సరే, ఇంతకీ ఏం జరిగింది? మనవాళ్ల శ్రద్ధంతా మొదటిదాని మీదే. రెండోదాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

యూజర్ల పక్కన కూర్చుని వాళ్లు యాప్ ఎలా వాడుతున్నారో గమనించడం నా ఉద్యోగంలో భాగం. ఒక దరఖాస్తు ఫారం పరీక్షిస్తున్నప్పుడు ఒకావిడ వివరాలన్నీ నింపి ‘సమర్పించు’ నొక్కారు. లోపల సమాచారం సర్వర్‌కి వెళ్తూనే ఉంది, స్క్రీన్ మీద మాత్రం ఉలుకూ పలుకూ లేదు. ఆవిడ వేలు బటన్ మీదే కాసేపు తచ్చాడింది. మళ్లీ నొక్కారు, ఈసారి ఇంకాస్త గట్టిగా. టచ్ స్క్రీన్‌కి గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా ఒకటే, కానీ పలకనివాణ్ణి గొంతు పెంచి పిలిచే అలవాటు మనది. డేటాబేస్‌లో రెండు దరఖాస్తులు పడ్డాయి. పైగా “నాకు ఇవన్నీ సరిగ్గా రావండీ” అని ఆవిడే నొచ్చుకున్నారు. బటన్ నొక్కగానే దాని మీది మాట ‘పంపుతున్నాం’ అని మారి, రెండో నొక్కు పనిచేయకుండా ఉంటే ఆ గొడవే ఉండేది కాదు.

దీనికి లెక్కలు కూడా ఉన్నాయి. వెబ్‌సైట్లు, యాప్‌లు వాడటానికి ఎంత సులువుగా ఉన్నాయో పరిశీలించే నిపుణుడు జేకబ్ నీల్సన్ చెప్పిన ప్రకారం 0.1 సెకను లోపు స్పందన వస్తే వెంటనే జరిగినట్టే అనిపిస్తుంది. 1 సెకను దాకా ఆలోచన తెగదు. 10 సెకన్లు దాటితే ధ్యాస వేరే పని మీదికి పోతుంది. అంతసేపు పట్టే పనైతే ఎంతవరకు వచ్చిందో చూపించాలి, ఆపేసే దారీ ఇవ్వాలి. ఊరికే గిరగిరా తిరిగే చక్రం చాలదు.

తర్వాత మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ చెప్పిన ఫిట్స్ సూత్రం. 1954 నాటిది, ఇప్పటికీ పనికొస్తుంది: నొక్కాల్సినది ఎంత దూరంగా, ఎంత చిన్నగా ఉంటే దాన్ని అందుకోవడానికి అంత సమయం పడుతుంది. ‘ఎడిట్’ పక్కనే ‘డిలీట్’ చిన్న చిహ్నంగా పెట్టినచోట ఏమవుతుందో మీరే ఊహించండి.

“నిజంగా తొలగించాలా?” అని అడిగే పెట్టెల మీద నాకు నమ్మకం లేదు. రోజూ కనిపించేదాన్ని ఎవరూ చదవరు, వేలు దానంతటదే ‘అవును’ మీదికి పోతుంది. వెనక్కి తీసుకునే అవకాశం ఇవ్వడం మేలు. జీమెయిల్ చూడండి, పంపిన మెయిల్‌ను సెట్టింగును బట్టి 30 సెకన్ల దాకా వెనక్కి తీసుకోవచ్చు. నిజానికి అది ఆ కాసేపూ మెయిల్‌ను పంపకుండా ఆపి ఉంచుతుంది, అంతే.

పుస్తకాలు తర్వాత చదవొచ్చు. ఈ వారం మీరు రాసిన ఏదో ఒక స్క్రీన్ ఎవరికైనా ఇచ్చి, చేయాల్సిన పని మాత్రం చెప్పండి. ఏ బటనో చెప్పకండి. మనసులో అనుకునేది పైకి అంటూ చేయమనండి. వాళ్లు తడబడితే సాయం చేయాలని మనసు లాగుతుంది, ఓర్చుకోండి. ఎక్కడ ఆగారో, ఏం నొక్కాక స్క్రీన్ వంక అలా చూస్తూ ఉండిపోయారో రాసుకుంటే చాలు.