ట్యాబ్ సైజు మార్చినా ఎర్రర్ పోవడం లేదన్నదానికి

తమ్ముడూ, గాజువాకలో ల్యాబ్‌లో చక్కగా నడిచిన పైథాన్ ప్రోగ్రాంలోకి ఇంటికొచ్చి నాలుగు లైన్లు పేస్ట్ చేయగానే ట్యాబ్ ఎర్రర్ వస్తోందని, కోడ్ రాసుకునే ఎడిటర్ వీఎస్ కోడ్‌లో ట్యాబ్ సైజు 4 పెట్టినా లాభం లేదని రాశావు. నీ కోడ్‌లో తప్పేం లేదు, టెన్షన్ పడకు.

లైన్ల ముందు వదిలే ఖాళీ (ఇండెంటేషన్) కోసం ల్యాబ్ ఫైల్లో ట్యాబ్‌లున్నాయి, అంటే ట్యాబ్ కీతో వచ్చే అక్షరాలు; పేస్ట్ చేసిన లైన్లలో స్పేస్‌లున్నాయి. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి గానీ, పైథాన్ 3 ఈ కలగాపులగాన్ని ఒప్పుకోదు. ట్యాబ్ సైజు మారిస్తే ట్యాబ్ కనబడే వెడల్పు మారుతుందంతే, ఫైల్లో ఉన్నది మారదు. పైగా ‘డిటెక్ట్ ఇండెంటేషన్’ అనే సెట్టింగ్ మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. ఫైల్ తెరవగానే అందులో ఏముందో చూసి, నువ్వు పెట్టిన అంకెను పక్కన పెట్టేస్తుంది. నేనూ మధురవాడలో ఉద్యోగంలో చేరిన కొత్తలో దీంతో ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

ముందు కంట్రోల్, కామా నొక్కి సెట్టింగ్స్‌లో ఆ ‘డిటెక్ట్ ఇండెంటేషన్’ను ఆపెయ్. అక్కడే ‘రెండర్ వైట్‌స్పేస్’ను ‘ఆల్’ చెయ్: స్పేస్‌లు చుక్కలుగా, ట్యాబ్‌లు బాణాలుగా కనిపిస్తాయి. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, పీ నొక్కి ‘కన్వర్ట్ ఇండెంటేషన్ టు స్పేసెస్’ ఎంచుకుని సేవ్ చెయ్. బాణాలన్నీ చుక్కలైపోవాలి. కోడ్ ఎలా రాయాలో చెప్పే పైథాన్ వాళ్ల పత్రం పెప్ 8 చెప్పేదీ 4 స్పేస్‌లే.

మేక్‌ఫైల్ (ప్రోగ్రాంలను బిల్డ్ చేసే ‘మేక్’ టూల్‌కి సూచనలుండే ఫైల్) మీద మాత్రం ఈ పని చేయకు, దానికి ట్యాబే కావాలి. ఇంకా ఎర్రర్ వస్తే ఆ లైన్ నంబర్ రాయి, చూద్దాం.