వికీలో నాన్న వ్యాసం, వాట్సాప్‌లో బేరం

ప్రశ్న: మా నాన్నగారు రిటైర్డ్ తెలుగు పండిట్, కవి. ఆయన మీద తెలుగు వికీపీడియాలో వ్యాసం రాస్తే తటస్థంగా లేదు, మూలాలు సరిపోవు అని తొలగించారు. రెండు రోజులకే ఒకాయన తను వికీ అడ్మిన్‌నని వాట్సాప్ చేశాడు. రూ.12,000 ఇచ్చి, పాస్‌వర్డ్ పంపితే వ్యాసం మళ్లీ పెట్టిస్తాడట. రూ.3,000 అడ్వాన్స్ పంపాను. పాస్‌వర్డ్ ఇవ్వొచ్చా?
– హన్మకొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఇవ్వకండి. ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఆ మూడు వేల సంగతి చెప్పండి, ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. తర్వాత మిగతాది చదవండి.

దసరా తర్వాత ఇలాంటి ఉత్తరం నాకు రావడం ఇది నాలుగోసారి. జగిత్యాల నుంచి రెండు, భూపాలపల్లి నుంచి ఒకటి, ఇప్పుడు మీది. అన్నిట్లోనూ అదే కథ. వికీలో వ్యాసం పోతుంది, ఇంట్లోవాళ్లు బాధలో ఉంటారు, సరిగ్గా అప్పుడే మెసేజ్ వస్తుంది. మీ నంబర్ వాడికెలా దొరికిందని అడిగారు. మీ వాడుకరి పేజీలో మీరే రాసుకున్నారు! తొలగింపు చర్చ ఎవరైనా చదవగలిగేదే, అక్కడ మీ ఖాతా పేరు నొక్కితే ఫోన్ నంబర్ కనిపిస్తోంది.

ఇది కొత్త మోసం కూడా కాదు. 2015లో ఇంగ్లిష్ వికీపీడియాలో ఇలాంటి ముఠాకు చెందిన 381 ఖాతాలను ఒక్కసారే నిరోధించారు. తిరస్కరించిన వ్యాసాలు వెతికి పట్టుకోవడం, అనుభవమున్న ఎడిటర్లమని చెప్పుకుంటూ ఆ వ్యాసం ఎవరి గురించో వాళ్లనే డబ్బు అడగడం, పేజీ ఎక్కాక దాన్ని మళ్లీ ఎవరూ తీసేయకుండా కాపాడతామని నెలనెలా వసూలు చేయడం వాళ్ల పని. వికీలో నిర్వాహకులు, అంటే అడ్మిన్లు, జీతం లేని వాలంటీర్లు. వ్యాసం పెట్టడానికి ఫీజు లేదు, మీ పాస్‌వర్డ్‌తో ఏ నిర్వాహకుడికీ పని లేదు. అదే పాస్‌వర్డ్ మీ మెయిల్‌కూ పెట్టానని రాశారు కాబట్టి ఇచ్చి ఉంటే మెయిల్, దాని వెనకే బ్యాంకు వరకు దారి తెరిచినట్టే. ఈ రాత్రికే రెండూ మార్చండి.

నన్ను ఇంకా భయపెట్టింది మరొకటి. పుట్టిన తేదీకి రుజువుగా మీరు నాన్నగారి పదో తరగతి మెమో ఫోటో ఎక్కించారు. పుట్టిన తేదీ, తండ్రి పేరు, హాల్ టికెట్ నంబర్, అన్నీ అందులో ఉన్నాయి. వ్యాసం తొలగించారు కాబట్టి దాని పాత కూర్పులు ఇప్పుడు అందరికీ కనిపించవు, కానీ బొమ్మ ఫైలు విడిగా ఉండిపోతుంది. ఇంకే పేజీలోనైనా ఆ బొమ్మ పెట్టి ఉంటే, తీసేసినా 'చరిత్ర' అనే ట్యాబ్ నొక్కితే పాత కూర్పు అలాగే తెరుచుకుంటుంది. నిర్వాహకులను అడిగి ఫైలును తొలగించమనండి, దాని జాడ ఉన్న కూర్పులన్నీ దాచేయమనండి. ఇంటి కాగితం అసలు మూలమే కాదు, దాని కోసం ఇంత ప్రమాదం కొనితెచ్చుకున్నారు.

ఇక వ్యాసం. మీరు పంపిన మొదటి వాక్యం "ఓరుగల్లు గడ్డ కన్న సాహితీ దిగ్గజం, వేలాది శిష్యుల బతుకుల్లో వెలుగు నింపిన మహనీయులు శ్రీ ఫలానా గారు". ఇందులో సరిచూసుకోవడానికి ఒక్క ముక్క లేదు. ఏ ఊరి బడిలో ఎన్నేళ్లు చెప్పారు, ఏ ఏడు ఏ పుస్తకం వచ్చింది, దాని మీద ఎవరు ఎక్కడ రాశారు, అది చెప్పండి. 'శ్రీ', 'గారు' తీసేయండి, విజ్ఞాన సర్వస్వంలో అది అగౌరవం కాదు. కాళోజీకి 1992లో పద్మవిభూషణ్ వచ్చింది, ఆయన పుట్టిన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. ఈ రెండు ముక్కల పక్కన ఏ విశేషణం పెట్టినా తేలిపోతుంది. మీరిచ్చిన అభినందన సంచిక శిష్యులు వేసింది, యూట్యూబ్ ఇంటర్వ్యూ ఆయన మాటే. వీటి నుంచి ఊరు, ఉద్యోగం లాంటి మామూలు వివరాలు తీసుకోవచ్చు గానీ ఆయన గొప్పతనానికి సాక్ష్యంగా పనికిరావు. ఆయనతో సంబంధం లేనివాళ్లు రాసింది కావాలి.

కానీ ఇక్కడ నాకు మీ మీద కన్నా మన తెలుగు పత్రికల వెబ్‌సైట్ల మీదే కోపం వస్తుంది. డిజైన్ మార్చిన ప్రతిసారీ పాత లింకులు చచ్చిపోతాయి. జిల్లా ఎడిషన్ ఈ-పేపర్ ఉత్త బొమ్మ, అందులో పేరు కొట్టి వెతికితే ఏమీ రాదు, కొన్నాళ్లకు ఆ పేజీ కూడా ఉండదు. ఇంగ్లిష్ పేపర్లో రెండుసార్లు పేరొచ్చిన హైదరాబాద్ మనిషికి మూలాలు చిటికెలో దొరుకుతాయి, ముప్పై ఏళ్లు పరకాలలోనో మెట్‌పల్లిలోనో సభలు నడిపి, జిల్లా పేజీల్లో వందసార్లు కనిపించిన కవికి నెట్‌లో ఒక్కటీ ఉండదు. పేజీ అడ్రస్ మార్చకుండా ఉంచడం పెద్ద విద్యేం కాదు, మార్చాల్సి వస్తే పాతదాన్ని కొత్తదానికి కలపడం ఏ డెవలపర్‌కైనా తెలుసు. చేయడం లేదు, అంతే. దాంతో మన జిల్లాల మనుషులు చరిత్రలోంచి జారిపోతున్నారు.

అయితే లింకు లేకపోతే మూలం కాదని ఎక్కడా లేదు. పత్రిక పేరు, ఎడిషన్, తేదీ, పేజీ నంబర్ ఉంటే చాలు. మీ ఇంట్లో కత్తిరించి దాచిన పేపర్ ముక్కల మీద తేదీ లేదన్నారు కాబట్టి గ్రంథాలయాల్లో అడగండి, మీ హన్మకొండలోనే 1904 నుంచి ఉన్న రాజరాజ నరేంద్ర భాషా నిలయంతో మొదలుపెట్టండి. నెట్‌లో దొరికిన ప్రతి పేజీనీ ఇవాళే వెబ్ పేజీల నకళ్లు దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్ అనే సైట్‌లో భద్రం చేయండి. ఆ తర్వాత వికీలో అందరూ చర్చించుకునే 'రచ్చబండ' పేజీలో నేను ఆయన కొడుకునని స్పష్టంగా చెప్పి, మూలాల జాబితా పెట్టి, వేరే ఎవరినైనా రాయమని అడగండి.

ప్రశ్న: సి. నారాయణరెడ్డి వ్యాసానికి ఏఐ చాట్‌బాట్ ఆరు మూలాలు ఇచ్చింది. పెట్టేయొచ్చా?
– కరీంనగర్ నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: ఒక్కొక్కటీ తెరిచి, ఆ వాక్యం అందులో ఉందో లేదో నీ కళ్లతో చూశాకే పెట్టమ్మా. చాట్‌బాట్లు లేని పుస్తకానికి కూడా పేజీ నంబర్‌తో సహా చెప్తాయి. హనుమాజీపేటలో 1931లో పుట్టారని, 1988 జ్ఞానపీఠం అందుకున్నారని చెప్పడానికి లైబ్రరీలో నిజమైన పుస్తకాలు ఉన్నాయి.