గేదె నోట్లో చెయ్యి పెట్టమన్నారు

"మా అమ్మాయిని పశుసంవర్ధక డిప్లొమాలో చేర్చుదామనుకుంటున్నాం, పశువైద్య సహాయకుల ఉద్యోగంలో కష్టాలేంటి?" అని అడిగారు. కోనసీమలో నేను చేసేది ఆ ఉద్యోగమేనండి. గేదె తంతుందనీ, పేడ కంపనీ, అర్ధరాత్రి ఫోన్లనీ అందరూ చెబుతారు. అవన్నీ నెల తిరిగేసరికి అలవాటైపోతాయి. అలవాటు కానిది ఒక్కటే. ఊరంతా చుట్టూ నిలబడి "ఏదో ఒకటి చెయ్యమ్మా" అంటుంటే, చెయ్యకూడని పని చెయ్యనని చెప్పడం.

కిందటి ఎండాకాలం గోదావరి గౌతమి పాయ మధ్యలో దీవిలా ఉండే ఓ లంక ఊరి నుంచి ఫోను. "డాక్టరమ్మా, గేదెకి గొంతులో మామిడి టెంక అడ్డం పడిందండి, నీళ్లు కూడా మింగట్లేదు." రేవులో పడవ కోసం కాపలా కాసి, దాటి, ఇసకలో నడిచి వెళ్లేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అప్పటికే రైతూ, ఆయన బామ్మర్దీ ఒకళ్ల తర్వాత ఒకళ్లు గేదె నోట్లో చెయ్యి పెట్టి వెతికేశారట. "మీ చెయ్యి సన్నం కదండీ, మీకైతే అందుద్ది" అన్నారు.

నేను దూరంగా నిలబడి కాసేపు చూశాను. చొంగ ఆగకుండా కారుతోంది. అరుపు బొంగురుపోయి, మధ్యలో తెగిపోతోంది. కట్టుకొయ్యని కొరుకుతోంది, ఊరికూరికే ముక్కుతోంది. నిజంగా టెంక అడ్డం పడితే ఈపాటికి పొట్ట ఉబ్బిపోవాలి. దీని డొక్కలు లోపలికి పీక్కుపోయున్నాయి.

"బాబాయ్, ఈమధ్య కుక్కేమైనా కరిచిందా?" అనడిగా. ఎవరూ పలకలేదు. చివరికి వెనకాల నుంచి ఓ మామ్మగారు, "గట్టు మీద పిచ్చికుక్క తరిమింది కదరా, దీని మూతి మీద గాటుకి పసుపు పెట్టాం" అంది.

చెయ్యి పెట్టనన్నాను. అంతే! "జీతం తీసుకుంటా చెయ్యి పెట్టదంట." "ఆడపిల్లని వేస్తే ఇంతే." ఒకాయనైతే పోనీ ఓ సూదైనా పొడిచి వెళ్లమన్నాడు. మా వైపు సూది పడకపోతే వైద్యం జరిగినట్టు కాదు. మా డాక్టరుగారికి వీడియోలో చూపిస్తే, "రేబిస్‌లాగే ఉంది, ఎవర్నీ ముట్టనివ్వకు, వస్తున్నా" అన్నారు. ఇక గేదెని వదిలేసి మనుషుల మీద పడ్డాను. చెయ్యి పెట్టిన ఇద్దర్నీ బోరింగు దగ్గర కూర్చోబెట్టి పావుగంట సేపు సబ్బుతో కడిగించా. బామ్మర్ది వేళ్ల నిండా కొబ్బరికాయలు ఒలిచిన గాట్లు. ఆ గాట్లకి చొంగ తగిలితే కుక్క కరిచినట్టే లెక్క. ఆసుపత్రికెళ్లి టీకాలు వేయించుకోమంటే, "నన్ను గేదె కరవలేదు కదండీ" అని ఒకటే వాదన. ఈలోగా ఆ పాలు వాడిక వేయించుకునే ఇళ్లవాళ్లంతా వచ్చి పడ్డారు. కాచిన పాలతో భయం లేదని ఎన్ని ఇళ్లకి చెప్పానో!

రెండు రోజులు తిరక్కుండానే గేదె వెనక కాళ్లు పడిపోయి చచ్చిపోయింది. లోతుగా గొయ్యి తీయించి, సున్నం చల్లి పాతించాం. కుక్క కరిచిన రోజే కబురు చేసుంటే గాయం కడిగి, 0, 3, 7, 14, 28 రోజుల్లో టీకాలు వేసేవాళ్లం. దక్కే అవకాశం ఉండేది. పసుపు పెట్టారట, పసుపు!

1984 నాటి కేంద్ర చట్టం ప్రకారం మాలాంటివాళ్లు రిజిస్టరైన డాక్టరు పర్యవేక్షణలో చిన్నపాటి సేవలే చెయ్యాలి. రైతుకి ఆ తేడా అక్కర్లేదు. నయమైతే డాక్టరమ్మని, పోతే ఏమీ తెలియని పిల్లని.

గొట్టం సంగతి కూడా చెప్పాలి. పొట్ట ఉబ్బితే చాలు, గేదె తల పైకెత్తి పట్టుకుని వెదురుగొట్టంతో నూనె పోసేస్తారు. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మా డెల్టాలో రోగాలతో పోయే గేదెల కన్నా ఆ నూనెతో పోయేవే ఎక్కువని నా గట్టి నమ్మకం. ఎవరేమన్నా సరే.

ఎద సూదులది, అంటే ఎదకొచ్చిన గేదెకి చూడి కట్టడానికి వీర్యం వేసే పనిది, ఇంకో గోల. గేదెది మూగ ఎద, పెద్దగా అరవదు. అందులోనూ ఎండాకాలమైతే తెల్లారుజామున చూసుకోవాలి. ఎద దాటిపోయాక కబురు చేసి, చూడి కట్టకపోతే నా చెయ్యి మంచిది కాదంటారు. పెయ్యలు పుట్టే వీర్యం వేస్తే నూటికి తొంభై దాకా పెయ్యలే. ఆ మిగతా పదీ దున్నదూడలు పుట్టిన ఇళ్లవాళ్లందరి దగ్గరా నా నంబరుంటుంది.

మీ అమ్మాయిని చేర్చండి. పదో తరగతి మీద రెండేళ్ల కోర్సు, తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద పాలిటెక్నిక్‌లున్నాయి. రేబిస్ రాకుండా ముందస్తు టీకాలు మాత్రం తనే అడిగి వేయించుకోమనండి. ఎవరో గుర్తుచేస్తారని కూర్చుంటే అవదు. ఈత కూడా నేర్పించండి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకల పశువులు ఏటిగట్టు ఎక్కితే, వాటి వెనకే మందుల పెట్టె పట్టుకుని మేమూ ఎక్కాల్సిందే కదండీ.