చిట్టీ పాడి మెషిన్ కొనాలా? టెడ్డీ బేర్ల లెక్క ఇదీ

ప్రశ్న: మాది హనుమకొండ. మావారు ప్రభుత్వ ఉద్యోగి. నేను మొహెయిర్ (మేక బొచ్చు) బట్టతో మెడ, చేతులు, కాళ్లు తిరిగే టెడ్డీ బేర్లు చేత్తో కుడతాను. 12 అంగుళాల బేర్‌కు సామాను 4,800 అవుతోంది, 6,500కు అమ్ముతున్నాను. రోజుకు మూడు గంటలు, నెలకు 24 రోజులు కూర్చోగలను. 20 నెలల 2 లక్షల చిట్టీలో ఐదో నెల నడుస్తోంది. 50,000 పోయినా ఇప్పుడే పాడి, వచ్చే లక్షన్నరతో ఎంబ్రాయిడరీ మెషిన్, మొహెయిర్ స్టాకు కొందామనుకుంటున్నా. చేతివృత్తులవాళ్లకు ఇచ్చే విశ్వకర్మ లోన్ కూడా వస్తుందా?

జవాబు: చిట్టీ ఇప్పుడు పాడకండి, అమ్మా. 50,000 అంటే ఇప్పటి ధరలో దాదాపు 30 బేర్ల మిగులు. నెలకు మూడు అమ్మినా పది నెలల కష్టం ఒక్క పాటలో పోతుంది.

ముందు ఒక్క బేర్ లెక్క తీయండి. గీసి కత్తిరించడానికి మూడు గంటలు, కుట్టడానికి ఆరు, జాయింట్లకు రెండు, దూది కూరడానికి మూడు, ముఖానికి మూడు, వీపు కుట్టు మూసి బొచ్చు దువ్వడానికి ఒకటి. మొత్తం 18 గంటలు. మిగిలేది 1,700, అంటే గంటకు 94 రూపాయలు. పదింటిలో ఒకటి పాడవుతుందనుకుంటే బేర్‌కు ఇంకో 480 తీసేయాలి. అప్పుడు గంటకు 68 కూడా పడదు. ఇంత నైపుణ్యం ఉన్న చేతికి ఇది చాలా తక్కువ.

పాడయ్యేది ఎక్కువగా కత్తెర దగ్గరే. ఎడమ చెయ్యి ముక్కను తిప్పి గీయడం మరిచిపోతే రెండూ కుడి చేతులే వస్తాయి. బొచ్చు వాలు చూసి ప్రతి ముక్క మీదా బాణం గుర్తు పెట్టకపోతే ఒక కాలు మీద బొచ్చు కిందికి, ఇంకో కాలు మీద పైకి ఉంటుంది. కత్తెర మొనతో వెనక అల్లికను మాత్రమే కొయ్యాలి. మొత్తం నోరు తెరిచి కోస్తే బొచ్చు కూడా తెగి, కుట్టు దగ్గర గుండు గీసినట్టు కనిపిస్తుంది. ముందు నమూనాను మీటరు నాలుగైదు వందల సింథటిక్ బొచ్చు బట్ట మీద కుట్టి చూసుకోండి.

ఇప్పుడు ధర. సామాను 4,800, పాడయ్యే వాటా 480, గంటకు 200 చొప్పున 18 గంటల కూలి 3,600, కరెంటు, ఫొటోలు, ప్యాకింగ్ లాంటివి 500. కలిపితే 9,380. కాబట్టి 9,500 పెట్టండి, ఆర్డర్‌తో పాటే సగం అడ్వాన్స్ తీసుకోండి. ఆ 4,750తో దాదాపు మొత్తం సామాను వచ్చేస్తుంది. ఇక పెట్టుబడి కోసం చిట్టీ ఎందుకు? ఇద్దరు ముగ్గురి ఆర్డర్లు కలిపి బట్ట తెప్పిస్తే పార్సిల్ ఖర్చు కూడా వాటి మధ్య పంచుకోవచ్చు.

ఎంబ్రాయిడరీ మెషిన్ మీ పనిలో ఎక్కడ పనికొస్తుందో నాకైతే కనిపించడం లేదు. ముక్కు, నోరు కుట్టేది దూది గట్టిగా కూరిన తల మీద, పొడవాటి సూదితో. అక్కడికి ఏ మెషినూ రాదు. దాని బదులు అయిదంగుళాల సూదులు, మంచి నోస్ ప్లయర్, దూది కూరే కర్ర, కుట్టులో ఇరుక్కున్న బొచ్చు లాగే వైర్ బ్రష్ కొనండి. రెండు మూడు వేలలో అయిపోతుంది. జాయింట్ల పిన్నులు, పొట్టలో బరువుకు వేసే చిన్న గుండ్లు స్టెయిన్‌లెస్ స్టీలువే తీసుకోండి. మన వానాకాలం చెమ్మకు మామూలు ఇనుము తుప్పు పట్టి బట్టకు మరక దిగుతుంది. మొహెయిర్ స్టాకు వద్దనడానికీ కారణం ఉంది. అది అంగోరా మేక వెంట్రుక, పురుగు పడుతుంది. బీరువాలో నెలల తరబడి ఉంచితే డబ్బు ఇరుక్కోవడమే కాదు, బట్టే పోవచ్చు.

9,500 పెట్టి కొనేవాళ్లు వరంగల్‌లో కొద్దిమందే ఉంటారు. అందుకే ఇక్కడివాళ్ల కోసం రెండో రకం పెట్టుకోండి: అమ్మమ్మ పట్టుచీరతోనో, పసిపాప మొదటి గౌనుతోనో చేసే జ్ఞాపకాల బేర్. బట్ట వాళ్లదే. జాయింట్లు లేకుండా, కళ్లు దారంతోనే కుడితే ఆరు గంటల పని. సామాను 450, కూలి 1,200, ఇతర ఖర్చు 150, కలిపి 1,800. 2,000కు ఇవ్వొచ్చు. పాత పట్టు మడతల దగ్గర చీలిపోతుంది కాబట్టి మడతలు తప్పించి, వెనక ఫ్యూజింగ్ (ఇస్త్రీతో అంటుకునే అస్తరు) వేసి ఇస్త్రీ చేశాకే కత్తిరించండి. కోసిన చీర తిరిగి రాదని ముందే రాయించుకుని, మొత్తం డబ్బు తీసుకుని మొదలుపెట్టండి. నెలకు రెండు మొహెయిర్, ఆరు జ్ఞాపకాల బేర్లు చేస్తే మీ 72 గంటలు సరిగ్గా నిండుతాయి, కూలి 14,400 వస్తుంది. ఆ డబ్బు వేరే ఖాతాలో పడాలి. ఇంటి ఖర్చుల్లో కలిస్తే ఏది మిగిలిందో ఎప్పటికీ తెలియదు.

విశ్వకర్మ పథకం 18 వృత్తుల్లో సంప్రదాయ బొమ్మల తయారీ ఉంది, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షలు ఇస్తారు. అయితే ప్రభుత్వ ఉద్యోగి కుటుంబానికి అర్హత లేదు, కాబట్టి మీకు రాదు. ఎప్పుడైనా అవసరం పడితే చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర శిశు రుణం కింద 50,000 వరకు తాకట్టు లేకుండా అడగొచ్చు. చిన్న వ్యాపారాలు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దళారికి పైసా ఇవ్వకండి.

ఒక విషయంలో మాత్రం అశ్రద్ధ వద్దు. 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. నిర్మల్ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉండటంతో అక్కడి అధీకృత కళాకారులకు మినహాయింపు దక్కింది. ఆ మినహాయింపు కోసం మీకు ఉన్న దారి హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర కళాకారిణిగా నమోదు కావడం. గాజు కళ్లు, లోపల గుండ్లు ఉన్న బేర్ ఎలాగూ పసిపిల్లల చేతికి ఇవ్వదగ్గది కాదు. అది పెద్దలు దాచుకునే వస్తువని ట్యాగ్ మీదా, బిల్లు మీదా రాయండి, చిన్నపిల్లల కోసం అడిగినవాళ్లకు అమ్మకండి.

జీఎస్టీకి వస్తే, వస్తువుల ఏడాది అమ్మకాలకు చాలా రాష్ట్రాల్లో 40 లక్షల పరిమితి ఉంటే తెలంగాణలో 20 లక్షలే. మీరు దాని దరిదాపుల్లో లేరు. కానీ రాష్ట్రం దాటి అమ్మితే ఈ పరిమితి పనిచేయదు, రిజిస్ట్రేషన్ కావాలి. జాబితాలో ఉన్న హస్తకళా వస్తువులకు మినహాయింపు ఉంది, మీ బేర్ అందులోకి వస్తుందేమో అకౌంటెంట్‌కు చూపించండి. విదేశాలకు పంపాలంటే ఐఈసీ (ఎగుమతి-దిగుమతి కోడ్) నంబరు తీసుకోవాలి, ఫీజు 500. అమెరికా 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఇచ్చిన సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది కాబట్టి, అక్కడి కొనుగోలుదారుకు ధర చెప్పేటప్పుడే సుంకం ఎవరు కడతారో రాతపూర్వకంగా తేల్చుకోండి.