ప్రజల డోర్ నంబర్ ఎంత?

వెస్ట్ మాంబళం, చెన్నై

అమ్మాయీ,

నీ ఎన్నికల కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి మా మనవడు చదివి వినిపించాడు, రెండోసారి నేనే పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. వింటున్నప్పుడు బాగానే ఉంది. పెన్సిల్ పట్టుకున్నాకే ఇబ్బంది మొదలైంది.

మొదటి పేజీలోనే ప్రజలు తీర్పు చెప్పారు. రెండో పేజీలో ప్రజాగ్రహం కట్టలు తెంచుకుంది. నాలుగో పేజీకి వచ్చేసరికి ప్రజలు ఎవరికో కర్రు కాల్చి వాత పెట్టారు. పద్నాలుగు పేజీల కథలో ప్రజలు పదకొండుసార్లు వచ్చారు. ఒక్కసారి కూడా వాళ్ళకి ఆకలి వెయ్యలేదు, బస్సు తప్పిపోలేదు, నడుం నొప్పి రాలేదు.

కోప్పడుతున్నానని అనుకోకు. ఈ పని నేను నీకంటే ఘోరంగా చేశాను, 1977లో. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఒక తెలుగు వారపత్రిక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. మార్చి 20 రాత్రంతా రేడియో దగ్గరే కూర్చున్నాం. రాయ్‌బరేలీలో ఇందిరాగాంధీ ఓడిపోయిందని తెలిశాక ఇక నిద్రెక్కడిది? తెల్లారేలోపు కథ రాసేశాను. మొదటి వాక్యం: "భారత ప్రజలు సంకెళ్ళు తెంచుకున్నారు."

మా ఎడిటర్ గారు ఆ వాక్యం చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. "ఎవరోయ్ ఈ ప్రజలు? వాళ్ళ డోర్ నంబర్ ఎంత?" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయనకి రాజకీయం తెలియదనుకున్నాను. మధ్యాహ్నానికి టెలిప్రింటర్ కాగితాలు వచ్చాయి. ఉత్తరప్రదేశ్‌లో 85 సీట్లుంటే కాంగ్రెస్‌కి ఒక్కటీ లేదు. బీహార్‌లో 54 ఉంటే అక్కడా సున్నాయే. మరి మన ఆంధ్రలో? 42లో 41 కాంగ్రెస్‌వే. మిగిలిన ఒక్కటి నంద్యాల, నీలం సంజీవరెడ్డి గారిది. కర్ణాటకలో 28కి 26. తమిళనాడులోనూ ఎంజీఆర్ పార్టీతో కలిసి కాంగ్రెస్సే గట్టెక్కింది. నేను సంకెళ్ళు తెంపించిన భారత ప్రజల్లో మా అమ్మా నాన్నా లేరు. మా ఊరే లేదు.

అసలు కథ ఆ ఉదయం మా ఇంట్లోనే జరిగింది, నేను గమనించలేదు. టి.నగర్‌లో ఒక ఇంటి వెనక పోర్షన్‌లో అద్దెకుండేవాణ్ణి. ఇంటావిడది కావలి దగ్గర పల్లెటూరు. ఆవిడ తమ్ముణ్ణి, పాపం బడిపంతులు, ఎమర్జెన్సీలో పట్టుకెళ్ళి నెలల తరబడి జైల్లో పెట్టారు. ఇందిరాగాంధీని ఆవిడ తిట్టని తిట్టు లేదు. ఆ రోజు పొద్దున నేను వెళ్ళి, "అక్కయ్యగారూ, ఇక మీ తమ్ముడికి భయం లేదు, ఆవిడ ఓడిపోయింది" అన్నాను. ఆవిడ గంజి వారుస్తోంది. గిన్నె కింద పెట్టి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఓడిపోతే పోయిందిలే. రాత్రి ఆ మనిషి అన్నం తిన్నదో లేదో" అంది.

ఆ మాట విన్నాను. రాయలేదు. నా కథలో అది ఇమడలేదు మరి! అదే రోజు షావుకారుపేటలో సేట్లు మిఠాయిలు పంచుతున్నారని ఎవరో చెబితే, వెళ్ళి చూడకుండానే ఒక పేజీ రాశాను. చూడనిది రాశాను, చెవిన పడ్డది వదిలేశాను. ఆ కథ అచ్చు కాలేదు, నయం.

నువ్వు కూడా ఇప్పుడు అదే పని చేశావు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

మద్రాసులో ఉండే తెలుగువాళ్ళకి ఎన్నికలంటే ఒక తిక్క ఉంది, నువ్వు గమనించే ఉంటావు. ఓటు ఇక్కడ, ప్రాణం అక్కడ. 1989లో మా వీధి చివర ఒంగోలు టైలర్ ఉండేవాడు. మిషన్ పైన రామారావు గారి ఫొటో, రోజూ పువ్వు పెట్టేవాడు. కాంగ్రెస్ వ్యతిరేక పార్టీల కూటమి నేషనల్ ఫ్రంట్ పుట్టింది ఈ మద్రాసులోనే, అంతకు ముందు ఏడాది. దానికి రామారావు గారే చైర్మన్. ఎన్నికలయ్యాయి. ఢిల్లీలో రాజీవ్ గాంధీ దిగిపోయారు, డిసెంబర్ 2న ఆ ఫ్రంట్ తరఫున వీపీ సింగ్ ప్రధాని అయ్యారు. మర్నాడే హైదరాబాద్‌లో కాంగ్రెస్ నాయకుడు చెన్నారెడ్డి గారు ముఖ్యమంత్రి. లోక్‌సభకి తెలుగుదేశానికి వచ్చినవి రెండే సీట్లు, రామారావు గారు స్వయంగా కల్వకుర్తిలో ఓడిపోయారు. నా చొక్కాకి గుండీ కుట్టించుకోడానికి వెళ్తే టైలర్ ఫొటో వైపు చూస్తూ, "ఇంతకీ మనం గెలిచామా, ఓడామా సార్?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు పువ్వు పెట్టాడో లేదో చూసి రావాల్సింది. చూడలేదు. ముప్పై ఏళ్ళకి పైగా అదే బాధ.

కారణాల దగ్గరా నువ్వు తొందరపడ్డావు. "ధరల పెరుగుదలతో విసిగిపోయిన జనం" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. 2004 సంగతి విను. "ఇండియా షైనింగ్" అని ఎక్కడ చూసినా ప్రకటనలు, మే 13న చూస్తే వాజ్‌పేయి ప్రభుత్వం పోయింది. కాంగ్రెస్‌కి 145, బీజేపీకి 138. ఏడు సీట్ల తేడా, అంతే. పేపర్లు మాత్రం "ప్రభంజనం" అన్నాయి. ఇక్కడ డీఎంకే కూటమి 39కి 39 గెలిచింది. మా ఎదురింటావిడ ఆ ఓటు ఎందుకు వేసిందో నాకు తెలుసు. వాళ్ళాయన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి. 2003 జూలైలో సమ్మె చేశారని లక్షన్నరకి పైగా ఉద్యోగుల్ని ఒక్కసారిగా తీసేశారు కదా, అందులో ఆయనొకడు. మళ్ళీ తీసుకున్నారు గానీ, మధ్యలో ఆవిడ గొలుసు తాకట్టుకి వెళ్ళింది. వాజ్‌పేయి మీద ఆవిడకి ఏ కోపమూ లేదు, పైగా ఆయన మాట తీరు ఇష్టం కూడా. ఓటు కోటలో ఉన్న రాష్ట్ర ప్రభుత్వం మీద వేసింది, వాళ్ళకి బీజేపీతో పొత్తు కాబట్టి దెబ్బ ఢిల్లీకి తగిలింది. అదే నెలలో మన ఆంధ్రలో ప్రభుత్వం మారింది, అక్కడ కరువు, కరెంటు బిల్లు. తీర్పు ఒకటేలా కనిపిస్తుంది, వంటిళ్ళు వేరు.

అక్కడ బొంబాయి దలాల్ స్ట్రీట్‌లో మే 17న సెన్సెక్స్ పడిపోయి ట్రేడింగ్ ఆపేశారు కూడా. షేర్లలో డబ్బు పెట్టిన నా స్నేహితుడికి బీపీ, ఎదురింటావిడకి గొలుసు విడిపించుకునే ఆశ. ఒకే వీధి, ఒకే వారం.

అంకెలు తెలుసుకో, కానీ కథలో గుమ్మరించకు. కొన్ని అంకెల్లో మాత్రం కథ దాగి ఉంటుంది. 2014లో బీజేపీ 31 శాతం ఓట్లతో 282 సీట్లు తెచ్చుకుంది. అదే ఎన్నికలో తమిళనాడులో డీఎంకేకి దాదాపు నాలుగో వంతు ఓట్లు పడ్డాయి, సీట్లు సున్నా. అంటే మన వీధిలో నలుగురు నిలబడి టీ తాగుతుంటే అందులో ఒకడి ఓటుకి ఏ గుర్తూ మిగల్లేదు. ఆ మనిషి ఆ సాయంత్రం ఏం చేశాడు? పార్టీ అంచు పంచె మడిచి పెట్టి మామూలు పంచె కట్టుకున్నవాళ్ళని నేను చూశాను. నెల తర్వాత అడిగితే అందరూ గెలిచినవాళ్ళకే ఓటేశామంటారు. నిజం అప్పటికి మాటల్లో దొరకదు, పంచె అంచులో దొరుకుతుంది.

నీ భాష గురించి ఒక్క మాట. ప్రభంజనం, చెంపపెట్టు, పట్టం కట్టడం, బుద్ధి చెప్పడం, ఇవన్నీ రాత్రి పదకొండింటికి పేజీ మూసెయ్యాలన్న టెన్షన్‌లో సబ్ ఎడిటర్లు వాడే మాటలు. వాళ్ళకి వేరే దారి లేదు. నీకు ఆ తొందర లేదు కదా.

ఇక నీ కథలో నాకు నచ్చింది చెప్తాను. తొమ్మిదో పేజీలో ఒక్క వాక్యం. 2024 జూన్ 4, వేళచ్చేరిలో మీ అపార్ట్‌మెంట్. మూడో అంతస్తులో తమిళ కుటుంబం 39కి 39 అని సంబరపడుతోంది. రెండో అంతస్తులో గుంటూరు వాళ్ళు 175కి 164 అని టపాకాయలు కాలుస్తున్నారు. ఢిల్లీలో ఎవరికీ సొంతంగా మెజారిటీ లేదని టీవీ అరుస్తోంది. కింద పలాస నుంచి వచ్చిన వాచ్‌మన్ తన గదిలో టీవీ కట్టేసి గేటు దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. అంతే రాసి ముందుకి వెళ్ళిపోయావు. మళ్ళీ ప్రజలు, మళ్ళీ తీర్పు.

నేనైతే అక్కడే ఆగిపోయేవాణ్ణి. ఓటెయ్యడానికి అతను మే 13కి ఊరు వెళ్ళాడని నువ్వే ముందు రాశావు. సెంట్రల్‌లో జనరల్ బోగీ ఎక్కి, మూడు రోజుల జీతం పోగొట్టుకుని వెళ్ళాడు. అతని ఎడమ చూపుడు వేలి గోరు చూశావా? మైసూరులో తయారయ్యే ఆ సిరా అంత త్వరగా పోదు. ఇక్కడివాళ్ళు ఏప్రిల్ 19నే ఓటేశారు కాబట్టి జూన్ నాటికి వాళ్ళ గోళ్ళ మొదట్లో కొత్త గోరు బాగా వచ్చేసి, సిరా పైకి జరిగిపోయి ఉంటుంది. అతనిది ఇంకా గోరు మొదటికి దగ్గరగానే ఉండాలి. లిఫ్ట్‌లో మీటలు నొక్కే వేళ్ళు చూస్తే ఎవరు ఎక్కడ ఓటేశారో తెలిసిపోయే రోజులవి. నువ్వు రోజూ అదే లిఫ్ట్ ఎక్కావు.

అతను గెలిచాడా, ఓడాడా? టీవీ ఎందుకు కట్టేశాడు? విసుగా, సంతోషం పట్టలేకా, ఇంటి నుంచి ఫోనేమైనా వచ్చిందా? కథంతా వెతికాను, దొరకలేదు. నీకూ తెలియదని నా అనుమానం. అతను ఇంకా అక్కడే పని చేస్తుంటే వెళ్ళి అడుగు. పుస్తకం, పెన్ను పట్టుకుని వెళ్ళకు, బెదిరిపోతాడు. రాత్రి పది దాటాక టీ పట్టుకెళ్ళు.

కాగితాలు మా ఇస్త్రీ అబ్బాయి దగ్గర పెట్టాను, నేను ఊళ్ళో లేకపోయినా తీసుకోవచ్చు. తొమ్మిదో పేజీ మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. అది మళ్ళీ రాసుకుని రా.

ఆశీస్సులతో,
మాస్టారు